కూలి చేతికందే వేళకు ఒక గది

గ్రేటర్ విశాఖపట్నం మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

విషయం: పూర్ణా మార్కెట్‌లో మద్యం, మత్తుమందుల నుంచి బయటపడాలనుకునే కార్మికులకు తోడ్పాటు



మద్యం, గంజాయి, మత్తు మాత్రల వ్యసనం నుంచి మనిషి బయటపడడానికి రెండు సాయాలు కావాలి. ఒకటి వైద్యం. అది కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో అయిపోతుంది. రెండోది తోటివాళ్ల ఆసరా. అది ఏడాది, రెండేళ్లు, కొందరికి జీవితాంతం కావాలి. వైద్యానికి విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మార్కెట్‌కు దగ్గరలోనే కేజీహెచ్ ఆసుపత్రి ఉంది. ఆసరా మాత్రం ఆసుపత్రిలో దొరకదు. మనిషి ఎక్కడ పనిచేస్తాడో, ఎక్కడ కూలి తీసుకుంటాడో, ఎవరితో కూర్చుని తాగుతాడో అక్కడే అది ఏర్పడాలి. పూర్ణా మార్కెట్‌లో ఆ ఏర్పాటు ఎలా ఉండాలన్నదే ఈ లేఖ విషయం.

వన్‌టౌన్‌లోని ఈ మార్కెట్‌లో పని చీకటితోనే మొదలవుతుంది. లారీల్లోంచి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కిరాణా బస్తాలు దింపి దుకాణాలకు చేర్చేది జట్టు కళాసీలు. ఆ వేళకు వాళ్లలో కొందరి చేతిలో టీ గ్లాసు నిలవదు. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, తల వంచి, గ్లాసు దగ్గరికి నోరు తీసుకెళ్లి తాగుతారు. అయినా సగం టీ చొక్కా మీదే ఒలుకుతుంది. రాత్రి దాచుకున్న క్వార్టర్‌లో రెండు గుక్కలు పడ్డాక వణుకు ఆగుతుంది, ఏభై కిలోల బస్తా వీపుకెక్కుతుంది. చూసేవాళ్లు ‘పొద్దున్నే మొదలెట్టాడు’ అంటారు. నిజానికి ఆ రెండు గుక్కలు సుఖం కోసం కావు, పనిలోకి దిగడానికి.

దీనికి కారణం మెదడు పనితీరులో ఉంది. మద్యం మెదడు వేగాన్ని తగ్గిస్తుంది. రోజూ తాగే మనిషి మెదడు ఆ తగ్గుదలకు సర్దుకోవడానికి తన వేగాన్ని పెంచుకుంటుంది. రాత్రి తాగినది తెల్లవారేసరికి దిగిపోతుంది, పెరిగిన వేగం మాత్రం అలాగే ఉండిపోతుంది. వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర పట్టకపోవడం అన్నీ దాని ఫలితమే. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటలకు ఇవి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి లేని పురుగులు ఒంటిమీద పాకుతున్నట్టు కనిపిస్తాయి, ఎక్కడున్నదీ తెలియదు, జ్వరం వస్తుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సమయానికి వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

అందువల్ల ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించి, గదిలో పెట్టి గడియ వేయడం ఎంత ప్రేమతో చేసినా ప్రమాదకరమే. ఆసుపత్రిలో క్లోర్‌డయాజెపాక్సైడ్, లోరాజెపామ్ లాంటి మందులు రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు, బీ1 విటమిన్ అయిన థయామిన్ ఇంజెక్షన్లు చేస్తారు. వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది. నీరసంగా ఉందని వీధి చివర క్లినిక్‌లో గ్లూకోజు బాటిల్ పెట్టించుకోవడం బాగా అలవాటైన పద్ధతి. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే, తిండి సరిగా తినని తాగుబోతు మెదడుకు శాశ్వతంగా హాని జరగవచ్చు. ఈ ఒక్క సంగతి మార్కెట్ చుట్టుపక్కల మందు ఇచ్చే ప్రతివాళ్లకూ తెలిసి ఉండాలి.

వైద్యం ఉన్నా అక్కడిదాకా చేరేవాళ్లు బహు తక్కువ. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల సమస్యలో పడి సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది అని అది తేల్చింది. అలాంటివాళ్ల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మద్యానికి పూర్తిగా బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందికి ఒక్కరు.

పూర్ణా మార్కెట్ కళాసీ ఆ మిగిలిన 37 మందిలో ఉండడానికి కారణాలు వెతకనక్కర్లేదు. చినవాల్తేరు ఆసుపత్రిని ఊళ్లో ఇప్పటికీ ‘పిచ్చాసుపత్రి’ అనే అంటారు. అక్కడికి వెళ్లొచ్చాడంటే కూతురి పెళ్లి సంబంధానికి అడ్డొస్తుందని భయం. దానికి మించినది కూలి భయం. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగికి ప్లాంటు ఆసుపత్రి ఉంది, పోర్టు ఉద్యోగికి గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి ఉంది, ఇద్దరికీ జీతంతో సెలవుంది. కళాసీకి పనిలోకి రాని రోజు కూలి లేని రోజు. పది రోజులు మంచం మీద ఉంటే పది రోజుల బియ్యం పోతుంది, జట్టులో తన స్థానం ఇంకొకరిదవుతుంది. బీడీ కాల్చుకుంటూ ‘రేపు చూద్దాం’ అనే మనిషి వెనుక ఈ లెక్క ఉంది. దాన్ని మొండితనమనో సోమరితనమనో కొట్టిపారేయడం అన్యాయం.

ఆసరా అంటే ఏమిటో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పే పని లేదు. కార్తీకం వచ్చిందంటే ఈ మార్కెట్‌లోనే ఎంతోమంది అయ్యప్ప మాల వేస్తారు. నలభై ఒక్క రోజులు మందు ముట్టరు. నిన్నటిదాకా ఒరేయ్ అని పిలిచిన షావుకారు ‘స్వామీ’ అంటాడు. కలిసి తాగిన స్నేహితుడు గ్లాసు దాచి పక్కకు తప్పుకుంటాడు. చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రం పీఠం దగ్గర భజన, పదిమందితో కలిసి భిక్ష. రోజంతా ఒక క్రమం, ఆ క్రమంలో పక్కన మనుషులు, వాళ్ల కళ్లలో గౌరవం. మానలేడని అందరూ వదిలేసిన మనిషి మానడానికి కారణం ఇదే. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన రోజే ఆ క్రమం, ఆ పిలుపు, ఆ గుంపు అన్నీ ఒక్కసారే పోతాయి. చాలామంది ఆ సాయంత్రమే మళ్లీ మొదలుపెడతారు. దీన్నిబట్టి దీక్ష వృథా అనుకోకూడదు. చుట్టూ మనుషులు నిలబడితే మనిషి నిలబడతాడని ఏటా రుజువవుతూనే ఉంది. ఆ నిలబెట్టే పని నలభై ఒకటో రోజుతో ఆగిపోవడమే లోపం. పొద్దున లేవగానే చేతులు వణికే మనిషి మాల వేయబోయే ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలన్న మాట గురుస్వాములు చెబితే ప్రాణాలు దక్కుతాయి. చర్చి ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పి తాగుడు మానేవాళ్లకూ, వాళ్ల పాస్టర్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

నలభై ఒక్క రోజుల తర్వాత కూడా ఆగని ఆసరాకు ప్రపంచంలో బాగా తెలిసిన రూపం ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారి, అదే స్థితిలో ఉన్న ఒక సర్జన్ కలుసుకుని మాట్లాడుకోవడంతో అది మొదలైంది. భారతదేశానికి 1957లో వచ్చింది. దాని పద్ధతి చాలా సాదా. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యత్వ రుసుము లేదు. గంటా గంటన్నర కూర్చుంటారు. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు, తప్పు పట్టరు. ఇంటిపేరు అడగరు. అక్కడ విన్నది బయట చెప్పరు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు ఒకరు తోడుంటాడు. తాగాలనిపించినప్పుడు అర్ధరాత్రయినా అతనికి ఫోన్ చేయవచ్చు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. ఇది భక్తి కబుర్లు తప్ప మరేమీ కాదని వైద్యుల్లో చాలాకాలం చిన్నచూపు ఉండేది. 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2020లో వచ్చాక ఆ చిన్నచూపుకు ఆధారం లేకుండా పోయింది. పూర్తిగా మానేసి ఉండడంలో, ఈ కూటాల్లోకి రోగిని క్రమపద్ధతిలో చేర్చే చికిత్స ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదని, చాలాచోట్ల వాటికంటే మెరుగని అది తేల్చింది.

పొరుగు రాష్ట్రంలో ఇంకో మార్గం కనిపిస్తుంది. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. రోగులు నగరానికి రాలేకపోతున్నారని గ్రహించి ఆ సంస్థే 1989 నుంచి పల్లెలకు వెళ్లింది. తిరువారూరు ప్రాంతంలోని మంజక్కుడిలో పెట్టిన శిబిరాలు అలా మొదలయ్యాయి. వైద్య బృందం వస్తుంది, చోటూ మనుషుల తోడ్పాటూ ఊరివాళ్లవి. పదిహేను రోజులు ఊళ్లోనే చికిత్స, ఆ తర్వాత నెలనెలా పరామర్శ. ఊరు చూస్తుండగా బాగుపడిన మనిషిని ఊరు మళ్లీ చెడగొట్టడం కష్టం. మార్కెట్ కూడా ఒక ఊరే కనుక ఈ పద్ధతి పూర్ణా మార్కెట్‌కు సరిపోతుంది.

తాగుడు మీద ఉమ్మడి పోరాటంలో తెలుగు ఆడవాళ్లు దేశానికే దారి చూపారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, ఆ ఊరి రోశమ్మ పేరుతో గుర్తుండిపోయిన ఆ ఉద్యమం, సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటుకు వెళ్లాయి. ముప్పై ఏళ్లుగా వాదమంతా దుకాణం చుట్టూనే తిరిగింది. దుకాణం మూసిన మర్నాడు వణుకుతూ లేచే మనిషిని ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న ప్రశ్న ఆ వాదంలో అంతగా ముందుకు రాలేదు. 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే ఏమవుతుందో కురిచేడు చూపించింది.

గంజాయి సంగతి కొంత వేరు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి మైదానానికి వచ్చే సరుకుకు విశాఖ దారి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024 చివర్లో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ దళం ఏర్పడింది. సరఫరా అరికట్టడానికి ఇవి అవసరమే. పీల్చే కుర్రాడి సంగతి మాత్రం వీటిలో తేలదు. గంజాయి మానినప్పుడు మద్యంలాగా ప్రాణాపాయం రాదు. చిరాకు, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలుంటాయి. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా తాగేవాళ్లలో మతి చలించే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి ఇంజెక్షన్లకు అలవాటుపడినవాళ్లకు సూది పంచుకోవడం వల్ల హెచ్ఐవీ, హెపటైటిస్ సీ భయం తోడవుతుంది.

వీళ్లను ఆసుపత్రికి రానివ్వనిది ముఖ్యంగా పోలీసు భయం. చట్టం ఆ భయాన్ని కొంత తీర్చింది, ఆ సంగతి తెలిసినవాళ్లే తక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే అతని మీద విచారణ సాగదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బు కిందే లెక్కగట్టింది. గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. మాన్పిస్తామని బోర్డు పెట్టి మనుషులను బంధించి కొట్టే కేంద్రాలు నేరం చేస్తున్నట్టే. ఫోన్ నంబర్ల విషయంలోనూ స్పష్టత కావాలి. 1972 మత్తుమందుల గురించి ఫిర్యాదు చేయడానికి. సాయం కావలసినవాళ్లు చేయాల్సింది 14446కు, మానసిక సలహాకు టెలిమానస్ 14416కు. మార్కెట్ గోడల మీద మొదటి నంబరు ఎంత పెద్దగా రాస్తారో మిగతా రెండూ అంత పెద్దగా రాయాలి.

ఇంట్లోవాళ్లకు కూడా దారి చూపాలి. భార్యలు ఎక్కువగా చేసేవి రెండు: తిట్టడం, లేదా దాచిపెట్టడం. ‘తాగుడు మాన్పించే పొడి’ తెచ్చి తెలియకుండా కూరలో కలపడం మూడోది. ఆ పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, అది తెలియక మనిషి తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాలి. ఇంట్లోవాళ్లకే ముందు శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటుంది. తాగని పూట ఆప్యాయంగా ఉండడం, తాగిన పూట వాదన పెట్టుకోకుండా తప్పుకోవడం, మనసు మెత్తబడిన క్షణం చూసి ఆసుపత్రి మాట ఎత్తడం అందులో నేర్పుతారు. అమెరికాలో 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, చికిత్సకు ససేమిరా అన్నవాళ్లలో 64 శాతం మంది ఈ పద్ధతి వల్ల చికిత్సలో చేరారు. నలుగురూ కలిసి నిలదీసే పద్ధతిలో చేరినవాళ్లు 30 శాతమే. మెప్మా పొదుపు సంఘాల సమావేశాల్లో అప్పు వాయిదాల తర్వాత అరగంట దీనికి కేటాయిస్తే చాలు, కొత్త సంఘాలు అక్కర్లేదు. దెబ్బలు తినే ఇల్లాలికి మాత్రం సహనం బోధించకూడదు. ఆమెకు ముందు కావలసింది రక్షణ, అది 181కి ఫోన్ చేస్తే మొదలవుతుంది.

మార్కెట్‌లో అన్నిటికంటే బలమైన ఆసరా జట్టు. కూలి జట్టుకు వస్తుంది, మేస్త్రీ పంచుతాడు. ఒకరు రాకపోతే బరువు మిగతావాళ్ల మీద పడుతుంది. ఒకడి తాగుడు అందరి వీపుల మీద భారమని వాళ్లకు తెలిసినంతగా డాక్టరుకు తెలియదు. చికిత్సకు వెళ్లిన మనిషి స్థానం పది రోజులు ఖాళీగా ఉంచుతామని జట్టు మాటిస్తే, ఆసుపత్రికి వెళ్లడానికి ఉన్న అతి పెద్ద అడ్డంకి తొలగిపోతుంది. ఇక్కడ షావుకార్ల బాధ్యత కూడా ఉంది. పని బాగా జరిగిన రోజు ‘మందుకు ఉంచుకో’ అని చేతిలో పెట్టే నోటు సాయం కాదు. అదే డబ్బు ఆ పది రోజుల బియ్యానికి ఇస్తే సాయం. తిరిగి వచ్చాక మళ్లీ తాగితే జట్టు తలుపు మూయకూడదు. చికిత్స పొందినవాళ్లలో నూటికి నలభై నుంచి అరవై మంది ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ జారతారని, బీపీ, ఆస్తమా రోగులు మందులు మానేసి మళ్లీ జబ్బుపడే శాతం కూడా అంతకు తక్కువ కాదని అమెరికా జాతీయ మాదకద్రవ్య వ్యసన సంస్థ చెబుతుంది. బీపీ తిరగబెట్టినవాడిని ఎవరూ ఛీకొట్టరు.

నగరపాలక సంస్థ చేయగలిగిన పని ఇక్కడే ఉంది. మార్కెట్ సంస్థది, ఆశీలు సంస్థకు వస్తాయి, పట్టణ ఆరోగ్య కేంద్రాలు సంస్థ పరిధిలోనివే. కావలసినది మార్కెట్ ఆవరణలో ఒక గది: నాలుగు చాపలు, ఫ్యాను, తాగునీరు, టీ. అది సాయంత్రం తెరిస్తే లాభం లేదు. కళాసీ పని చీకట్లో మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. కూలి చేతికి వచ్చే గంటా, దాని తర్వాతి రెండు గంటలూ అతనికి గండం. ఇంటికీ వైన్‌షాపుకూ మధ్య అతను ఎటు తిరుగుతాడో తేలేది అప్పుడే. గది తెరిచి ఉండాల్సింది ఆ వేళకే, వారానికి ఏడు రోజులూ. స్నానానికి నీళ్లు, ఒక పూట వేడి భోజనం ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఖాళీ కడుపు మందునే వెతుకుతుంది. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వారానికొకసారి వచ్చి వణుకు, కామెర్లు, బీపీ చూసి, ఎవరిని వెంటనే ఆసుపత్రికి పంపాలో, ఎవరు ఇంటి దగ్గరే మందులు వాడుకోవచ్చో డాక్టరుతో మాట్లాడి చెప్పాలి. చినవాల్తేరు నుంచి డిశ్చార్జ్ అయిన మనిషి మర్నాడు ఈ గదికి వచ్చాడా లేదా చూసే పని, తాగుడు మానేసిన ఒక పాత కళాసీకి జీతమిచ్చి అప్పగించాలి. తాగినవాడి మాట తాగినవాడికే అర్థమవుతుంది.

ఆ గదికి ఆధార్ అడగకూడదు, పేర్ల జాబితా పోలీసులకు వెళ్లకూడదు. ప్రారంభోత్సవంలో తాగుడు మానినవాళ్లను వేదికెక్కించి ఫొటోలు తీయకూడదు, ఫ్లెక్సీలు కట్టకూడదు. మొహం బయటపడుతుందన్న భయం మొదటి రోజే గదిని ఖాళీ చేస్తుంది.

మార్కెట్ ఆవరణలో సంస్థ అధీనంలో ఉన్న ఒక గదిని ఈ పనికి కేటాయించి, కళాసీ సంఘాలను, వర్తక సంఘాన్ని, చినవాల్తేరు ఆసుపత్రి వైద్యులను ఒకచోట కూర్చోబెట్టి, వచ్చే కార్తీకంలో వేసే మాలలు మకరజ్యోతి తర్వాత తీసే నాటికి దాని తలుపులు తెరిపించాలని కమిషనర్ గారికి విజ్ఞప్తి.